ఫంక్షన్‌లో మిగిలిన భోజనం పనివాళ్లకి ఇస్తే వాళ్ల బాబుకి ఫుడ్ పాయిజన్ అయింది, తప్పెక్కడ జరిగింది?

ఉప్పల్_ఉష
మొన్న ఆదివారం మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం 12కి క్యాటరింగ్ వాళ్లు డేగిసాలు దించారు. చివరి పంక్తి లేచేసరికి నాలుగైంది. చికెన్ బిర్యానీ ఇంకో ముప్పై మందికి సరిపడా మిగిలింది. అన్నీ సర్దుకుని ఇల్లు చేరేసరికి రాత్రి 8. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని ఫోన్ చేసి పిలిచి, పెద్ద స్టీల్ డబ్బా నిండా పెట్టిచ్చాను. ప్రేమగానే ఇచ్చాను. రాత్రి వాళ్లింట్లో నలుగురూ తిన్నారు. మిగిలింది పొద్దున పిల్లలకి పెట్టింది.

సోమవారం మధ్యాహ్నానికి ఐదేళ్ల బాబుకి వాంతులు, విరేచనాలు. రాత్రి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు బాగున్నాడు. ఆసుపత్రి ఖర్చు నాలుగు వేలు నేనే ఇచ్చాను. బుధవారం ఆ అమ్మాయి పనికి వచ్చి డబ్బా తిరిగిచ్చింది. చింతపండుతో తోమిందేమో, మా ఇంట్లో ఎప్పుడూ లేనంతగా మెరుస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

మేమూ మధ్యాహ్నం అదే బిర్యానీ తిన్నాం, మాకేం కాలేదు. మా ఆయన "ఇకమీదట ఎవరికీ ఏమీ ఇవ్వకు, పారెయ్" అంటున్నారు. అన్నం పారేయాలంటే నాకు చేతులు రావు. ఏం చెయ్యాలి?

గోదారిపిల్ల
12 నుంచి 8 దాకా బిర్యానీ బయటే ఉందా అక్కా? ఎండాకాలంలో?

ఉప్పల్_ఉష
అవును. డేగిసా మూతపెట్టే ఉంది. ముట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది, అందుకే బాగుందనుకున్నాను.

కిరాణా_కృష్ణ
మీరు బాధపడకండి మేడమ్. వాళ్ల ఇళ్లలో శుభ్రత ఉండదు. నీళ్లు, గిన్నెలు, చేతులు అన్నీ అంతే. మీరు తిన్నప్పుడు బాగున్నది అక్కడికి వెళ్లాక పాడైంది.

ల్యాబ్‌కోటు
కృష్ణగారూ, కాదండి. నేను పదకొండేళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఆ డబ్బా చేతికి ఇచ్చే సమయానికే అది ప్రమాదంలో ఉంది.

ఉషగారు చెప్పిన ఆ "గోరువెచ్చగా" అన్న మాట దగ్గరే ఉంది అంతా. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు పెరగవు. 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో ఉంటే దాదాపు కదలవు. ఆ రెండింటి మధ్య, గోరువెచ్చగా, తడిగా, మూతపెట్టి ఉంచితే మాత్రం గంటగంటకీ పెరుగుతూ పోతాయి. మాంసం ఉన్న పెద్ద గిన్నెల్లో క్లాస్ట్రీడియం అని ఇంకో బ్యాక్టీరియా ఉంటుంది. దానికి గాలి తగలని చోటంటే ఇష్టం. డేగిసా అడుగు అచ్చంగా అలాంటి చోటే.

మీరు మధ్యాహ్నం వేడిగా తిన్నారు. వాళ్లు 8 గంటలు ఆగినది తిన్నారు, పిల్లలు దాదాపు 20 గంటలు ఆగినది తిన్నారు. పేరుకి ఒకే బిర్యానీ. కానీ మీ విస్తట్లో ఉన్నదీ ఆ బాబు కంచంలో ఉన్నదీ ఒకటి కాదు. బాబుకి ఏ క్రిమి వల్ల వచ్చిందో పరీక్ష చేయకుండా చెప్పలేను గానీ, ఆ గంటల లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు.

గోదారిపిల్ల
పొద్దున మళ్లీ వేడి చేసి పెట్టి ఉంటే?

ల్యాబ్‌కోటు
బ్యాక్టీరియా చావొచ్చు. కానీ ఆ బాసిల్లస్ ముందే వదిలిన, వాంతులు తెప్పించే విషం మళ్లీ వేడిచేసినా పోదు. చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి అన్నంలోకి చేరే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా విషం కూడా అంతే. "బాగా కాచాం కదా" అన్నది ధైర్యమే తప్ప భద్రత కాదు. వాసన కూడా మారదు చాలాసార్లు.

కిరాణా_కృష్ణ
సరే, సైన్సు ఒప్పుకుంటా. కానీ రాత్రి తిని మిగిలింది పారేయాలని వాళ్లకి తెలియదా? అది కూడా మనమే చెప్పాలా?

సీతాఫల్‌మండి_చిన్ని
తెలుసండి. మాకు బాగా తెలుసు.

మా అమ్మ ఇరవై రెండేళ్లు నాలుగిళ్లలో పనిచేసింది. నేనిప్పుడు ఐటీలో ఉన్నాను కాబట్టి ఇక్కడ కూర్చుని రాస్తున్నా. పండగ తెల్లారి అమ్మ ఇంటికొచ్చేటప్పుడు చేతిలో రెండు మూడు కవర్లు ఉండేవి. గారెలు, పులిహోర, సాంబారు, ఒక్కోసారి కేకు. మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక్కో కవరు విప్పి ముందు తను వాసన చూసేది. వేలితో కొంచెం తీసి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని ఆగేది. బాగుంటే మాకు పెట్టేది. లేకపోతే గల్లీ చివర మున్సిపాలిటీ డబ్బా దాకా చీకటి పడ్డాక వెళ్లి పారేసి వచ్చేది. పగలు పారేస్తే ఆ ఇంటివాళ్లు ఎవరైనా చూస్తారేమోనని.

ఒకసారి నేను అడిగాను, "వద్దని అక్కడే చెప్పొచ్చు కదా అమ్మా" అని. "వద్దంటే పొగరు అంటారు బిడ్డా. రేపు జ్వరమొచ్చి సెలవడిగితే గుర్తుపెట్టుకుంటారు" అంది.

మాకు ఫ్రిజ్ నేను ఇంటర్ చదివేటప్పుడు వచ్చింది. అంతకుముందు మిగిలిన అన్నంలో నీళ్లు పోసి చద్దన్నం చేసేవాళ్లం, అది మాకు తెలిసిన పద్ధతి. బిర్యానీలో నీళ్లు పోయలేం కదా. పిల్లలు ఏడాదికి నాలుగుసార్లు చూసే చికెన్ అది. రాత్రి సగం తిని, పొద్దున మిగతాది అని దాచుకోవడం తెలివితక్కువతనం కాదు. తల్లి మనసు అది.

ఉషక్కా, మీరు ఆసుపత్రి ఖర్చు ఇచ్చారు, ఇక్కడికొచ్చి అడుగుతున్నారు. అది చిన్న విషయం కాదు. కోపంతో రాయడం లేదు. కృష్ణగారి "చెప్పాలా" అన్న మాటకే ఇంత రాశాను.

కిరాణా_కృష్ణ
చిన్నిగారూ, తొందరపడి అన్నాను. క్షమించండి.

పాతబస్తీ_సలీం
"వాళ్ల ఇళ్లలో శుభ్రత ఉండదు" అనే మాట మేం పుట్టినప్పటి నుంచి వింటున్నాం, అందుకే కృష్ణభాయ్ సారీ చెప్పినా దీనికి జవాబు రాయాలి.

మా మేనత్తది ముషీరాబాద్ దగ్గర భోలక్‌పూర్. 2009 మేలో అక్కడ మంచినీళ్ల పైపులోకి డ్రైనేజీ నీళ్లు కలిశాయి. పదిమందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మా అత్తది కడిగిన అద్దంలాంటి ఇల్లు. గ్లాసులు బోర్లించి పైన తెల్లగుడ్డ కప్పేది. నీళ్లే మురికివైతే గ్లాసు కడిగి ఏం లాభం? మళ్లీ 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో అదే కథ. పాత పైపులు, పక్కనే మురుగు కాలువ, చిన్న ఇళ్లు, ఎక్కువగా మా ముస్లింలు. ముందు నుంచే నీళ్లు వాసన వస్తున్నాయని జనం మొత్తుకున్నారు.

తోలు గోదాములు, చెత్త గోదాములు మా గల్లీల్లో పెట్టి, పైపులు మార్చకుండా వదిలేసి, తర్వాత మా చేతులు మురికి అంటారు. నొప్పి అక్కడుంది.

గోదారిపిల్ల
సలీం భాయ్, ఇది ఇంతవరకూ నాకు తెలియదు. మాది రాజమండ్రి, గుంటూరు వార్త అప్పట్లో చదివి మర్చిపోయాను. 

వంటమాస్టర్_నల్గొండ
నేను ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకి వండుతున్నా. మా వైపు తప్పు కూడా చెప్తా.

డేగిసా 100 మందిదైతే దమ్ తీశాక గంటలకొద్దీ లోపల వేడి ఉంటది. పైన పొర చల్లారుతది, మధ్యలో గోరువెచ్చగా ఉంటది. ల్యాబ్ తమ్ముడు చెప్పిన ప్రమాదం అదే. మిగిలేది పంచాలంటే చివరి పంక్తి అయ్యేదాకా ఆగొద్దు. రెండో పంక్తి నడుస్తున్నప్పుడే ఎంత మిగులుతదో మాకు అర్థమైపోతది. అప్పుడే గంటె పెట్టని డేగిసా నుంచి తీసి, వెడల్పు ట్రేల్లో రెండు వేళ్ల మందాన పరచి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, చిన్న చిన్న ప్యాకెట్లు కట్టాలి. లేదా వేడి వేడిగా అప్పుడే పంచేయాలి. అతిథులు తినే టైముకే వాళ్లూ తినాలి.

మేం ఎందుకు చేయమంటే, ఓనర్లు "ముందు చుట్టాలు తిననీ, తక్కువైతే ఇజ్జత్ పోతది" అంటరు. పనివాళ్ల ప్యాకెట్ ఎప్పుడూ ఆఖరికే.

ఇంకో మాట. పెరుగుపచ్చడి, కొబ్బరి చట్నీ, మిగిలిన గ్రేవీ, పాలతో చేసిన స్వీటు అస్సలు పంపొద్దు. లడ్డూ, మైసూర్‌పాక్, అరిసె పంపండి. తడి లేనివి ఆగుతాయి.

గోదారిపిల్ల
మాస్టర్, మా తమ్ముడి పెళ్లికి మిమ్మల్నే పిలుస్తాం.

వంటమాస్టర్_నల్గొండ
ముందు అమ్మాయిని చూడండమ్మా, డేగిసాలు నేను చూసుకుంటా 🙂

బండి_శ్రీను
నాది మిర్చి బజ్జీల బండి, ఎల్బీనగర్ వైపు. మిగిలిన అన్నం సంగతి సరే, మిగిలిన నూనె సంగతి ఎవరూ ఎత్తలేదు.

పెద్ద హోటళ్లలో రెండ్రోజులు మరిగిన నూనె క్యాన్లలో బయటికొస్తది. బయోడీజిల్ తయారీకి ఇవ్వాల్సింది. కొంత మధ్యలో వేరే దారి పడతది. నా దగ్గరికీ ఒకతను వచ్చాడు, "కొత్తదాంట్లో సగం ధరకే ఇస్తా అన్నా" అని. క్యాను మూత తీస్తే నల్లగా, చిక్కగా, తారులాగా ఉంది. చేపల వాసన. నేను తీసుకోలేదు. పక్క బండి తమ్ముడు తీసుకున్నాడు. ఆయన్ని చెడ్డవాడని ఎట్లా అనను? రోజూ వడ్డీవాడికి ఐదొందలు కట్టాలి ఆయన. ఐదు రూపాయలకి బజ్జీ కావాలని అడిగేది కూడా అడ్డా మీద కూలీలే.

చట్టంలో నూనె చెడిపోవడానికి కొలత ఉంది. నూనె మరిగేకొద్దీ పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు 25 శాతం దాటితే వాడొద్దు, 2018 జూలై నుంచి. ఆ కొలిచే మీటరు మా బండ్ల దగ్గరికి రావడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూపుతో గుర్తుపట్టాలంటే: బజ్జీ వేయగానే నురుగు పొంగి తగ్గకపోతే, పొగ తొందరగా వస్తే, తిన్నాక గొంతు గరగరమంటే, అది పాత నూనె.

ల్యాబ్‌కోటు
శ్రీనన్నా, విడి నూనె గురించి కూడా చెప్పండి.

బండి_శ్రీను
ప్యాకెట్ లేకుండా విడిగా నూనె అమ్మడం చట్టప్రకారం కుదరదు. కానీ రోజు కూలి మీద బతికేవాళ్లు లీటర్ ప్యాకెట్ కొనలేరు. ఇరవై రూపాయల నూనె అడిగితే డబ్బా నుంచి గరిటెతో పోసి కవర్లో కడతారు. అందులో ఏముందో దేవుడికే తెలుసు. చిన్న ప్యాకెట్లు, 100 మిల్లీలీటర్లవి, గల్లీ కొట్లలో దొరికితే సగం బాధ తీరుతది. షాంపూకి రూపాయి సాచెట్ ఉంది, నూనెకి ఉండదు.

కిరాణా_కృష్ణ
నిజమే. మా కొట్లో నేనూ విడి నూనె అమ్మేవాణ్ని, రెండేళ్ల క్రితం మానేశా. చిన్న ప్యాకెట్లు డిస్ట్రిబ్యూటర్ తేడు, మార్జిన్ లేదంటాడు. మళ్లీ అడిగి చూస్తా.

రేషన్‌కార్డు_రమణ
నూనె కల్తీ సరే, రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారు, దాని గురించి మాట్లాడండి. మా అమ్మమ్మ నీళ్లలో వేస్తే తేలాయి.

ల్యాబ్‌కోటు
రమణా, అది ప్లాస్టిక్ కాదు. ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో ఒత్తుతారు. 100 గింజలకి ఒకటి చొప్పున కలిపారు. బరువు తేడా వల్ల కొన్ని తేలతాయి, రంగు కూడా కాస్త తేడాగా ఉంటుంది. అనుమానముంటే నాలుగు గింజలు ఉడకబెట్టి వేళ్లతో నలపండి. అన్నంలాగే మెత్తగా అవుతుంది. ప్లాస్టిక్ అయితే అవ్వదు.

రేషన్‌కార్డు_రమణ
మా అమ్మమ్మ చేటలో చెరిగి, అవన్నీ ఏరి కోళ్లకి వేస్తోంది. ఏడాదిగా!

వంటమాస్టర్_నల్గొండ
కోళ్లకి రక్తం బాగా పట్టి ఉంటది.

సీతాఫల్‌మండి_చిన్ని
అమ్మమ్మని తప్పుపట్టలేం. డీలర్ దగ్గర ఒక్క కాగితం అంటించి, తెలుగులో ఈ నాలుగు మాటలు రాసి ఉంటే ఇంత జరిగేదా? ఎవరూ చెప్పనప్పుడు, ఏళ్లతరబడి పురుగుల బియ్యం తిన్నవాళ్లు కొత్త గింజని అనుమానించడం సహజం.

గురుకులం_బ్యాచ్
చిన్నక్క రాసింది చదివాక నాదీ చెప్పాలనిపించింది. ఐదు నుంచి పది దాకా గురుకులంలో చదివాను, ఏ స్కూలో చెప్పను. 600 మందిమి. వంటవాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచి, ఒక్క బల్బు వెలుతురులో బియ్యం కడిగేవారు. చూసి ఏరే టైము వాళ్లకి ఎక్కడిది?

ఒకరోజు రాత్రి వంకాయ కూరలో పులుపు వాసన వచ్చింది. మా టేబుల్ వాళ్లం తినలేదు. చిన్న క్లాసుల పిల్లలు తిన్నారు. అర్ధరాత్రి డార్మెటరీ అంతా వాంతులు, బాత్రూముల ముందు క్యూ. నీళ్లు అయిపోయాయి. నేనూ ఇంకో ఇద్దరం బకెట్లు మోసుకొచ్చాం. ఆరో తరగతి పిల్లాడు ఒకడు నా భుజం పట్టుకుని "అన్నా, ఇంటికి చెప్పకు, టీసీ ఇచ్చేస్తారు" అన్నాడు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వాడికి ఉన్న టెన్షన్ అది.

నేను గురుకులాలని తిట్టడం లేదు. అక్కడ చదివే ఈ రోజు ఉద్యోగంలో ఉన్నా. అందుకే ఇంకా ఎక్కువ బాధ. టీచర్లు, వార్డెన్ పిల్లల కంటే ముందు అదే కూర, అదే గిన్నెలోంచి తినాలి. మా బ్యాచ్‌లో ఒక్క మేడమ్ అలా తినేవారు. ఆవిడ డ్యూటీ రోజు కూర ఎప్పుడూ బాగుండేది.

గోదారిపిల్ల
2013లో బిహార్ గండామన్ స్కూల్లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, గుర్తుందా? నూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసింది. పెద్దలెవరైనా ముందు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉంటే, పిల్లల దాకా వచ్చేది కాదేమో.

మన్యం_మాస్టారు
పార్వతీపురం మన్యం జిల్లాలో పనిచేస్తున్నాను. మా దగ్గర సంగతి మీ అందరికంటే వేరు. ఇక్కడ మిగిలిన బిర్యానీ ఎవరూ ఇవ్వరు.

వేసవిలో మామిడి టెంకలు ఏరి, ఎండబెట్టి, లోపలి జీడి దంచి, వగరు పోవడానికి గెడ్డ (వాగు) నీళ్లలో నానబెట్టి కడిగి, ఆ పిండితో అంబలి కాస్తారు. సరిగ్గా చేస్తే మంచి తిండే, తరాలుగా తింటున్నారు. వానాకాలంలో వస్తుంది చిక్కు. గడ్డి కప్పు కారుతుంది, బుట్టలో జీడి చెమ్మ పడుతుంది, బూజు పడుతుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడే ఆ బుట్ట దించుతారు. మా పక్కనే ఉన్న ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో 2001లో ఇలా జనం చనిపోయారు. ఆకలి చావులా, విషాహారమా అని పెద్ద గొడవ జరిగింది. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్లీ ఆడవాళ్లు చనిపోయారు.

నేను ఒక ఇంట్లో ఆ బుట్ట చూశాను. పైన జీడి ముక్కలు గోధుమరంగులో బాగానే ఉన్నాయి. చెయ్యి లోపలికి పెడితే బూడిదరంగు పొడి వేళ్లకి అంటింది. "ఇది తినకండి తల్లీ" అన్నాను. ఆ ముసలావిడ "మరి ఏది తినమంటావు బాబూ" అంది. ఆ పూటకి నా సంచిలో బిస్కెట్ ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు.

ఉప్పల్_ఉష
మాస్టారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

కడప_నర్సు
ఇంత చర్చలో పిల్లాడికి మొదటి గంటలో ఏం చేయాలో ఎవరూ రాయలేదు. ఓఆర్ఎస్, అంటే నీళ్లలో కలిపి తాగించే ఉప్పు-చక్కెర పొడి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, పెద్దదైతే లీటరు. సగం గ్లాసులో మొత్తం కలిపితే హాని. ప్యాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. వాంతైతే పది నిమిషాలు ఆగి, చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మలంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తండి.

మెడికల్ షాపులో అట్టడబ్బాల్లో తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ పేరుతో అమ్మేవారు. చదువు రాని తల్లులు పండు బొమ్మ చూసి అవే కొనేవారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్లతరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆ పేరు అలా వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆవిడకి చేతులెత్తి మొక్కాలి.

సీతాఫల్‌మండి_చిన్ని
మేం చిన్నప్పుడు ఆ డ్రింకే తాగాం. అమ్మ అప్పు చేసి కొనేది.

ప్లీడర్_గుమస్తా
డబ్బు ఖర్చు గురించి ఒక మాట. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో సెక్షన్ 65 ఉంది. అమ్మిన తిండి వల్ల మనిషి చనిపోతే కనీసం 5 లక్షలు, తీవ్రంగా దెబ్బతింటే 3 లక్షల దాకా, మిగతా వాటికి లక్ష దాకా పరిహారం అడగొచ్చు. కొన్నవాళ్లు ఎవరైనా ఫీజు కట్టి శాంపిల్ పరీక్ష చేయించుకునే హక్కు సెక్షన్ 40లో ఉంది. కల్తీ అని తేలితే ఫీజు వెనక్కి ఇస్తారు.

పాతబస్తీ_సలీం
భాయ్, బిల్లు ఎక్కడిది? బండి మీద తిన్నవాడి దగ్గర ఏ రసీదు ఉంటుంది?

ప్లీడర్_గుమస్తా
అదే అసలు అడ్డంకి, ఒప్పుకుంటున్నా. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో సంతలో మయోనైజ్‌తో మోమోలు తిని ఒకామె చనిపోయింది, పదుల మంది జబ్బుపడ్డారు. అంతమంది కలిసి బయటికొచ్చారు కాబట్టి ప్రభుత్వం కదిలి పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాది నిషేధించింది. ఒక్క ఇంట్లో ఒక్క బాబుకి వస్తే కేసు కూడా రాయరు. కనీసం ఆసుపత్రి చీటీ మీద ఏం తిన్నాడో, ఎన్ని గంటలకి తిన్నాడో డాక్టర్‌తో రాయించుకోండి. చీటీ పారేయకండి.

ఉప్పల్_ఉష
అందరి పోస్టులూ మా ఆయనకి చదివి వినిపించాను. పారేయమన్న ఆయనే ఇప్పుడు "ముందే తీద్దాం" అంటున్నారు. వచ్చే శనివారం మా అత్తగారి మొదటి సంవత్సరికం. క్యాటరింగ్ అతనితో మాట్లాడాను. మొదటి పంక్తి కూర్చున్నప్పుడే పనివాళ్లకి, వాచ్‌మన్ కుటుంబానికి కూడా విస్తళ్లు వేస్తాం. ఇంటికి పట్టుకెళ్లడానికి గారెలు, లడ్డూలు విడిగా కట్టిస్తాను. నిన్న ఆ అమ్మాయితో చెప్పాను, "నేనిచ్చింది నచ్చకపోతే నా ముఖం మీదే వద్దను, ఏమీ అనుకోను" అని. నవ్వి ఊరుకుంది.

సీతాఫల్‌మండి_చిన్ని
ఒక్కసారి చెబితే నమ్మదక్కా. ఇంకో నాలుగైదుసార్లు చెప్పండి.

వంటమాస్టర్_నల్గొండ
గారెలు వేడిమీద కవర్లో కట్టొద్దు, చెమ్మపట్టి పొద్దుటికి జిగురొస్తది. జల్లి బుట్టలో ఆరనిచ్చి, కాగితంలో చుట్టండి.

ఉప్పల్_ఉష
సరే మాస్టర్. ఎంతసేపు ఆరబెట్టాలి?

వంటమాస్టర్_నల్గొండ
చెయ్యి పెడితే వేడి తగలనంత వరకు. అరగంట చాలు.